నెల్లూరులో బాడుగ కోసం ఇల్లు కొనేటప్పుడు ఏ పేట, ఏ వీధి?

మీరు రాసింది బాగా పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైనంతవరకు ముందు చెప్తాను. మీది బెంగుళూరులో ఉద్యోగం, సొంతూరు కావలి దగ్గర. 70 లక్షల దాకా పెట్టి నెల్లూరులో ఇల్లు కొని బాడుగకు ఇవ్వాలని ఉంది. బ్రోకర్ రెండు చూపించాడు. ఒకటి మాగుంట లేఅవుట్‌లో పాత ఫ్లాట్, ధర 68 లక్షలు, బాడుగ 18 వేలు. రెండోది పెన్న పొర్లుకట్ట (ఏటి వరదను ఆపే కట్ట) వైపు నాలుగు పోర్షన్ల డాబా, 52 లక్షలు, పోర్షన్‌కు 6 వేల చొప్పున నెలకు 24 వేలు. "బాడుగ ఎక్కువొచ్చేది కొనాలా, మంచి ఏరియాలో కొనాలా? కావలిలో ఉండే మా మామగారు వీటిని చూసుకోగలరా?" అని అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా నెల్లూరులో బాడుగ ఇళ్లు చూసుకుంటున్నాను. కొన్ని మావి, ఎక్కువ భాగం బయట ఊళ్లలో స్థిరపడిన బంధువులవి, స్నేహితులవి. మీరు చెప్పిన ధరలకైతే నేను రెండూ కొనను. 70 లక్షలతో కొనదగ్గ ఇళ్లు నెల్లూరులో లేక కాదు. ఈ రెండింటిలో మొదటిదానికి పేరున్న ఏరియా అని ఎక్కువ పెడుతున్నారు, రెండోదానికి కాగితం మీది బాడుగ చూసి మిగతావన్నీ వదిలేస్తున్నారు. బాడుగ ఇంటికి మంచి పేట అంటే ఖరీదైన పేట అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో మంచి పేట అంటే, నెల జీతం వచ్చే మామూలు కుటుంబం ఒకసారి దిగితే పిల్లల చదువు ఒక దశ దాటేదాకా కదలడానికి ఇష్టపడని పేట. ఇల్లు పాతదైతే బాగు చేయించుకోవచ్చు. వీధిని మనం ఒక్కరమే బాగు చేయించలేం. బాడుగ, ఖాళీ, మరమ్మతు, వసూలు, రేపు అమ్మకం, అన్నీ ఆ వీధిని బట్టే నడుస్తాయి.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే బ్రోకర్లు చెప్పేది సగం లెక్కే.

మాగుంట లేఅవుట్ ఫ్లాట్‌కు ఏడాదికి 2,16,000 బాడుగ. 68 లక్షల మీద 3.2 శాతం. కానీ మీరు పెట్టేది 68 కాదు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం. పూర్తి ధరకు రిజిస్టర్ చేయిస్తే అదే 5 లక్షలు దాటుతుంది. అప్పుడు పెట్టుబడి 73 లక్షలు, రాబడి 3 శాతం లోపు. ఇంటి పన్ను, అప్పుడప్పుడు రంగులు, అపార్టుమెంటులో లిఫ్ట్ మార్చాలని వేసే చందా, ఇవన్నీ పోతే రెండున్నరకు అటూ ఇటూ నిలుస్తుంది. 50 లక్షలు లోను తీసుకుంటానన్నారు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లయితే కంతు 43 వేల పైచిలుకు. బాడుగ 18 వేలు. మిగతా 25 వేలు ప్రతి నెలా మీ జీతంలోంచి పోవాలి. ధర పెరుగుతుందనే నమ్మకం మీద కొంటున్నారు తప్ప బాడుగ మీద కాదు. అలా కొనడం తప్పేమీ కాదు, కానీ అది తెలిసే కొనాలి.

ఇప్పుడు పొర్లుకట్ట వైపు డాబా. ఏడాదికి 2,88,000. ఖర్చులతో కలిపి పెట్టుబడి 56 లక్షలనుకుంటే 5 శాతం పైనే. చూడగానే ఇదే మేలనిపిస్తుంది. కానీ తక్కువ బాడుగ పోర్షన్లలో మనుషులు త్వరగా మారతారు. రోజు కూలి మీద, చిన్న వ్యాపారాల మీద బతికేవాళ్లకు పని ఎక్కడుంటే అక్కడికి పోక తప్పదు. నాలుగింటిలో రెండు పోర్షన్లు ఏటా ఖాళీ అయి, ఒక్కోటి రెండు నెలలు తాళం పడి ఉంటే 24 వేలు పోయినట్టే. ఖాళీ అయిన ప్రతిసారీ సున్నం, చిన్నా చితకా రిపేర్లకు 12 వేలు వేసుకున్నా ఇంకో 24 వేలు. నాలుగు కుటుంబాలు వాడే మోటారు, సెప్టిక్ ట్యాంకు, పైపులు, అన్నిటికీ 30 వేలు. ఒకరు రెండు నెలల బాకీతో వెళ్లిపోతే 12 వేలు. ఇంటి పన్ను వగైరా 8 వేలు. చేతిలో మిగిలేది 1,90,000. అంటే 3.4 శాతం. ఇందులో మీరు గానీ మీ మామగారు గానీ పెట్టే శ్రమకు ఒక్క రూపాయి కూడా లెక్క కట్టలేదు. బాడుగలు వసూలవుతున్నాయా లేదా అనే టెన్షన్ వేరే.

నేను వేసుకున్నవి ఉజ్జాయింపు అంకెలే, మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. కాగితం మీద 3 శాతానికి, 5 శాతానికి మధ్య కనపడే తేడాలో చాలా భాగం పేటే తినేస్తుంది.

ఇక వరద. 2021 నవంబరులో సోమశిల డ్యామ్ నుంచి వదిలిన నీటితో పెన్న పొంగినప్పుడు భగత్ సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం లాంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మీ బ్రోకర్ చూపించిన డాబా కట్టకు లోపలా బయటా, అంటే ఏటి వైపా ఊరి వైపా అన్నది మీరు రాయలేదు. ఆ ఒక్క విషయం తేలకుండా బేరం మాట్లాడొద్దు. అక్కడ బతికేవాళ్ల మీద నాకు చిన్నచూపు లేదు, వాళ్ల కష్టం నేను చూశాను. నీళ్లు దిగాక ఇళ్లలోంచి బురద తోసుకున్నది బాడుగకున్న కుటుంబాలే, ఓనర్లు కాదు. అలాంటి ఇంటిని అదే స్థితిలో కొని బాడుగకు ఇస్తే, ఆ ప్రమాదాన్ని మనకంటే పేదవాళ్ల నెత్తిన పెట్టి దాని మీద మనం ఆదాయం తీసుకున్నట్టే. ఆ మాట నాకు గట్టిగా పట్టింపు.

వరద చూసిన ఇంటిని రంగులు దాచేస్తాయి కానీ చెక్క దాచదు. ద్వారబంధం అడుగున, గడప దగ్గర, వేలితో నొక్కి చూడండి. నీళ్లలో నానిన చెక్క ఉబ్బి, ఆరాక పొరలు పొరలుగా విచ్చుకుని ఉంటుంది. పైన ఎంత మంచి పెయింటు వేసినా ఆ గరుకు తెలుస్తుంది. అలమర కింది అర పలక కొత్తగా, పై అరలు పాతగా ఉంటే ఎందుకని అడగండి. ప్లగ్ బోర్డులన్నీ మామూలుకంటే బాగా ఎత్తులో ఉంటే, కరెంటు మీటరు పైకి జరిపిన గుర్తు గోడ మీద ఉంటే, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఇల్లే చెప్తున్నట్టు. గోడకు మోకాలి ఎత్తులో ఉప్పు పొడి రాలుతుంటే అది వరదే కానక్కర్లేదు, నేల చెమ్మ కూడా కావచ్చు. ఏదైనా బాడుగకుండేవాళ్లకు అదే బాధ.

వరద లేని చోట కూడా వాన నీళ్ల సంగతి చూడాలి. మన జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. మే నెలలో ఇల్లు చూసి అడ్వాన్స్ ఇచ్చేవాళ్లకు ఆ ఏరియా గురించి సగం కూడా తెలియదు. వీలైతే నవంబరులో, గట్టి వాన కురిసిన మర్నాడు వెళ్లండి. మాగుంట లేఅవుట్, రామలింగాపురం, ఆత్మకూరు బస్టాండ్, ఈ మూడు చోట్ల రైలు కట్ట కింది అండర్ బ్రిడ్జిలు వాన పడితే నిండుతాయి. పేరున్న ఏరియాలో ఉన్నా, ఆ రోజు పిల్లల్ని బడికి దింపడానికి చుట్టూ తిరిగి పోవాల్సిందే. బాడుగకుండేవాళ్లు ఇల్లు వెతికేటప్పుడు రైలు కట్టకు ఏ వైపు తమ బడి, ఏ వైపు తమ ఆఫీసు అని చూసుకునే వస్తారు. కొనేవాళ్లే ఆ ఆలోచన చేయరు.

ఇంకోటి, సిమెంటు రోడ్లు. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోసుకుంటూ పోయిన వీధుల్లో పాత ఇళ్లు రోడ్డుకంటే కిందికి దిగిపోయాయి. అలాంటి ఇల్లు ధర తక్కువకు వస్తుంది. గేటు దగ్గర నిలబడి, ఇంటి నేల రోడ్డుకంటే ఎంత పైన ఉందో చూడండి. రోడ్డుకంటే కింద ఉంటే, ప్రతి వానకూ డ్రైనేజీ నీళ్లు ముంగిట్లోకే. దాన్ని ఎత్తు చేయడమంటే దాదాపు కొత్త ఇల్లు కట్టుకున్నంత పని.

ఇప్పుడు పేటల సంగతి. ఏ పేటలో ఎవరు బాడుగకు దిగుతారో ముందు తేల్చుకుంటే ఎలాంటి ఇల్లు కొనాలో దానంతటదే తేలుతుంది.

చింతారెడ్డిపాలెం వైపు మెడికల్ కాలేజీ, ఆసుపత్రి ఉండటం వల్ల నర్సులు, విద్యార్థులు, జూనియర్ డాక్టర్లు ఎక్కువ. ఇల్లు ఖాళీగా ఉండదు, కానీ మనుషులు కోర్సుతో పాటు మారతారు. ముగ్గురు నలుగురు కలిసి ఉంటారు కాబట్టి బాత్‌రూంలు, నీళ్ల ట్యాంకు పెద్దవి కావాలి. రెండు బెడ్‌రూంలకు ఒకే బాత్‌రూం ఉన్న ఇల్లు అక్కడ కొనడం దండగ. దర్గామిట్టలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ, ఆసుపత్రి ఉన్నాయి. ప్రభుత్వ ఉద్యోగులకు ఆ చుట్టుపక్కల బాగా సౌకర్యం. రొట్టెల పండగ రోజుల్లో స్వర్ణాల చెరువు చుట్టూ జనం కిటకిటలాడతారు. ఆ నాలుగైదు రోజులు చూసి ఏరియా ఇలాగే ఉంటుందని అనుకోవద్దు. పొగతోటలో ఇళ్లు మెల్లగా ఆసుపత్రులు, ల్యాబులు, మందుల షాపులు అయిపోయాయి. అక్కడ కాపురానికి ఇల్లు అని కొంటే రాత్రంతా అంబులెన్సుల చప్పుడు, పగలు బండి పెట్టుకోను చోటుండదు. కింది అంతస్తు వ్యాపారానికి ఇవ్వగలిగితే లెక్క వేరు.

హరనాథపురం లాంటి కాలేజీల ఏరియాల్లో పిల్లల చదువు కోసం కుటుంబంతో సహా పల్లెల నుంచి వచ్చి ఉండేవాళ్లున్నారు. ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు వైపు నుంచి తల్లి ఒక్కతే పిల్లలతో దిగుతుంది, తండ్రి ఊళ్లో వ్యవసాయం చూసుకుంటూ వారానికొకసారి వస్తాడు. నా అనుభవంలో ఇంతకంటే మంచి బాడుగదారులు లేరు. ఇంటర్ రెండేళ్లూ కదలరు, తమ్ముడో చెల్లెలో ఉంటే ఇంకో రెండేళ్లు. ఇల్లు శుభ్రంగా పెట్టుకుంటారు. వాళ్లు చూసేది మూడే. కాలేజీకి పిల్ల నడిచి పోగలదా, సాయంత్రం చీకటి పడ్డాక వీధిలో లైట్లు ఉంటాయా, ఇంటి ఓనరు మర్యాదస్తుడా. వేదాయపాళెం, బాలాజీ నగర్ చుట్టుపక్కల ఉద్యోగస్తుల కుటుంబాలు ఎక్కువ. బాడుగలు మాగుంట లేఅవుట్ అంత ఉండవు, కానీ కొనే ధర కూడా అంత ఉండదు. మీ బడ్జెట్‌కు నేను ముందు వెతికేది ఇలాంటి పేటల లోపలి వీధుల్లో, రెండు పోర్షన్ల ఇల్లు. ఒకటి ఖాళీ అయినా రెండోది నడుస్తుంది.

ముత్తుకూరు వైపు పోర్టు, థర్మల్ ప్లాంటు చూసి కొనమని కూడా మీకు ఎవరో చెప్పారన్నారు. అక్కడ బాడుగలు మంచివే. కాకపోతే ఒకటి రెండు సంస్థల మీదే ఊరంతా ఆధారపడితే, ఆ సంస్థలో పని తగ్గిన రోజు వీధి మొత్తానికీ ఒకేసారి టులెట్ బోర్డులు వేలాడతాయి. చేతిలో మూడు నాలుగు ఇళ్లున్నవాళ్లకు అది నప్పుతుంది, ఉన్న ఒక్క ఇల్లూ అక్కడే పెట్టడం నప్పదు.

పేట ఎంచుకున్నాక వీధి. ఒకే పేటలో రెండు వీధుల మధ్య బాడుగల్లో, ఖాళీల్లో చాలా తేడా ఉంటుంది. ఇందుకు బ్రోకర్‌ను అడిగి లాభం లేదు. నేనైతే ఇస్త్రీ బండి దగ్గర నిలబడతాను. బండి మీద మడిచి పెట్టిన బట్టలు చూస్తే వీధిలో ఎవరున్నారో తెలుస్తుంది. తెల్ల కోట్లు ఎన్ని, స్కూలు యూనిఫారాలు ఎన్ని, పోలీసు ఖాకీ ఉందా, బ్యాంకు ఉద్యోగి చొక్కాలా, సైట్ల మీద తిరిగేవాళ్ల ప్యాంట్లా. ఒక్కో కట్టకు సుద్దతో రాసిన ఇంటి నంబరు ఉంటుంది. ఏ ఇంటి నంబరు కట్టలు ఎన్నేళ్లుగా వస్తున్నాయి, ఏ ఇంట్లో మనుషులు తరచూ మారుతున్నారు, ఎందుకు మారుతున్నారు, ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. నాలుగు చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చి కాసేపు మాట్లాడండి. "ఆ ఇంటాయన మోటారు టయానికి వేయడు సార్, అందుకే ఎవురూ నిలబడరు" అన్న ఒక్క మాట చాలు. పాలు పోసే ఆమె, క్యాన్ నీళ్లు వేసే అబ్బాయి, వీధి చివర చిల్లర అంగడి, వీళ్లతోనూ మాట్లాడండి. చిల్లర అంగట్లో ఖాతాలు నడుస్తున్నాయంటే ఆ వీధిలో స్థిరంగా ఉండేవాళ్లున్నారని అర్థం.

టులెట్ బోర్డులు లెక్కపెట్టండి. ఒక వీధిలో ఒకటో రెండో ఉంటే మామూలే. వరసగా అయిదారు ఉండి, అందులో కొన్ని ఎండకు వెలిసిపోయి ఫోన్ నంబరు కూడా సరిగా కనపడకపోతే అక్కడ బాడుగలు పడిపోతున్నాయని తెలుసుకోవాలి. ఆ బోర్డుల మీద నంబర్లకు ఫోన్ చేసి బాడుగకు అడిగినట్టే అడగండి. మీ బ్రోకర్ చెప్పిన 18 వేలు నిజమో, 15 వేలకే ఇస్తున్నారో పది నిమిషాల్లో తేలిపోతుంది.

నీళ్లు రుచి చూడండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కుళాయిల చుట్టూ తెల్లటి పొక్కు కడుతుంది, గీజరు తొందరగా పోతుంది, ఆడవాళ్లు జుట్టు రాలుతోందని మొదటి ఏడాదే ఇల్లు మారతామంటారు. మున్సిపాలిటీ నీళ్లు ఏ పూట వస్తాయి, ఎంతసేపు వస్తాయి, సంపు ఉందా అన్నది తెలుసుకోండి. రాత్రి ఎనిమిదప్పుడు ఒకసారి వెళ్లండి. వీధి లైట్లు, మందు షాపు దగ్గర గుంపులు, కుక్కలు, దోమలు, పగలు కనపడనివన్నీ అప్పుడు కనపడతాయి. ట్యూషన్ నుంచి ఆడపిల్లలు ఒంటరిగా సైకిల్ మీద ఇంటికి పోతున్న వీధి అయితే, కుటుంబాలకు ఆ వీధి మీద ఎంత భరోసా ఉందో ఇంకెవరినీ అడగక్కర్లేదు.

పేట నాణ్యత అనగానే మన ఊళ్లో కొందరు ఇంకో అర్థం తీస్తారు. "అక్కడుండేది ఎవరండీ, ఏమోళ్లు?" అని అడుగుతారు. ఇల్లు బాడుగకు ఇచ్చేటప్పుడూ అదే ప్రశ్న. ఈ అలవాటు నాకు నచ్చదు, గట్టిగానే చెప్తున్నాను. కులాన్నో మతాన్నో చూసి కాదన్న ఇంటి ముందు బోర్డు నెలల తరబడి వేలాడటం, అడిగి కాదనిపించుకున్న కుటుంబం పక్క వీధిలో దిగి ఏళ్ల తరబడి ఒకటో తేదీన బాడుగ పంపడం నేను కళ్లారా చూశాను. డబ్బు నష్టం సంగతి అటుంచండి. పెట్టే బేడా సర్దుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని ఇల్లు వెతుక్కునే మనిషిని గుమ్మంలో నిలబెట్టి కులం అడగడం అన్యాయం. మీరు చూడాల్సింది ఆదాయం నిలకడ, ఇంతకుముందు ఉన్న ఇంటి ఓనరు చెప్పే మాట, ఇంట్లో ఉండేవాళ్ల సంఖ్య. అంతే.

కాగితాల గురించి క్లుప్తంగా. కనీసం 30 ఏళ్లకు ఈసీ (ఆ ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే కాగితం) తీయండి, లింకు డాక్యుమెంట్లు, అంటే ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు, మీకు తెలిసిన లాయర్‌కు చూపించండి, బ్రోకర్ చెప్పిన లాయర్‌కు కాదు. 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, సర్వే నంబరు ఉందేమో చూడాలి. ఏటి పక్కన, చెరువు పక్కన, పోరంబోకు పక్కన కొనేటప్పుడు ఇది తప్పనిసరి. ప్లాను అప్రూవల్ ఎన్ని అంతస్తులకు, కట్టింది ఎన్ని అంతస్తులు అన్నది పోల్చుకోండి. మీకు లోను అక్కర్లేకపోయినా ఆ ఇంటికి బ్యాంకు లోను ఇస్తుందా అని కనుక్కోండి. బ్యాంకు ఇవ్వనంటే రేపు మీ దగ్గర కొనేవాడికీ ఇవ్వదు, అప్పుడు చేతిలో మొత్తం డబ్బున్నవాడు దొరికేదాకా మీరు ఎదురు చూడాలి, వాడు అడిగిన ధరకే ఇవ్వాలి. ధర 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాళ్లే అమ్మేవాళ్లకు ఇచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందే పట్టే ఆదాయ పన్ను) పట్టుకుని కట్టాలి. మీ రెండు ఇళ్లకూ ఇది వర్తిస్తుంది. బెంగుళూరు లెక్కలో చదరపు అడుగులు చూసి పోల్చకండి, నెల్లూరులో స్థలం అంకణాల్లో చెప్తారు. ఇక్కడ అంకణం 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు, ఎకరాకు 605 అంకణాలు. తిరుపతి వైపు అంకణం ఇందులో సగమే, కాబట్టి అటువైపు ధరలతో పోల్చేటప్పుడు మోసపోవద్దు.

ఇల్లు కొన్నాక చూసుకోవడం కూడా పేటను బట్టే ఉంటుంది. కుటుంబాలుండే వీధిలో మీరు ఏడాదికి రెండుసార్లు వచ్చినా నడుస్తుంది. విద్యార్థులు, నర్సులు ఉండే చోట ప్రతి మార్పుకూ మనిషి కావాలి. తాళాలు తీసుకోవడం, మీటరు రీడింగు ఫోటో, కరెంటు బకాయి, కొత్తవాళ్ల ఆధార్ కాపీలు. కరెంటు సర్వీసు మీ పేరు మీదే ఉంటుంది కాబట్టి బిల్లు కట్టకుండా పోతే ఆ బాకీ మీ మెడకే చుట్టుకుంటుంది. ప్రతి నెలా సర్వీసు నంబరు కొట్టి బిల్లు కట్టారో లేదో ఫోన్‌లోనే చూసుకోండి.

అగ్రిమెంటు 11 నెలలకు రాసుకోవడం మామూలు. దాన్ని జూన్ ఒకటి నుంచి మొదలుపెట్టేలా చూసుకోండి. అప్పుడు ఏప్రిల్ చివరికి ముగుస్తుంది, పరీక్షలు అయిపోయి ఉంటాయి. ఖాళీ చేసేవాళ్లు అప్పుడే చేస్తారు, మే నెలలో రంగులు వేయించుకుంటే బడులు తెరిచేలోపు కొత్తవాళ్లు దిగుతారు. ఆషాఢంలో గానీ పుష్యంలో గానీ ఇల్లు ఖాళీ అయిందా, శూన్యమాసం అని ఎవరూ పాలు పొంగించడానికి రారు. నెల బాడుగ ఊరికే పోతుంది. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా, దిగేవాళ్లకు ఉంటుంది.

బాడుగ కొంచెం తక్కువైనా మంచి కుటుంబాన్ని నిలుపుకోండి. ఏటా వెయ్యి పెంచమని పట్టుబట్టి, 12 వేలు ఇచ్చే కుటుంబాన్ని పోగొట్టుకుని, రెండు నెలలు ఖాళీగా ఉంచి, రంగులకు 15 వేలు పెట్టినవాళ్లకు ఆ ఏడాది 39 వేలు నష్టం. వెయ్యి చొప్పున అది పూడాలంటే మూడేళ్లు దాటాలి. మోటారు చెడిపోయిందని ఫోన్ వస్తే ఆ రోజే మనిషిని పంపండి. వాళ్లుండగా ఇంట్లోకి చెప్పకుండా పోవద్దు, చుట్టాలు వచ్చారని నీళ్లకు లెక్క అడగొద్దు. డబ్బు కట్టి ఉంటున్నంతకాలం అది వాళ్ల ఇల్లు. వెళ్లేటప్పుడు అడ్వాన్స్‌లో కోతలు ఏమైనా ఉంటే బిల్లు చూపించి తీసుకోండి. వీధిలో ఓనరుకు ఉండే పేరు కూడా ఇంటి బాడుగలో భాగమే, ఇస్త్రీ ఆయన చెప్పేది అదే కదా.

వీధిని ఒక్కరమే బాగు చేయలేమని పైన అన్నాను. కొంత మాత్రం చేయవచ్చు. గేటు పైన తెల్లవార్లూ వెలిగే ఒక లైటు, ఇంటి ముందు కాలువ మీద సరైన పలకలు, చెత్త వేయడానికి మూత ఉన్న డబ్బా. పక్క ఇళ్ల ఓనర్లు ఇద్దరు ముగ్గురితో కలిసి వార్డు సచివాలయంలో పూడిక గురించి రాసిచ్చి, వదలకుండా అడిగితే పని జరుగుతుంది. బయట ఊళ్లో ఉండే ఓనర్లు ఎక్కువున్న వీధుల్లో ఈ అడిగేవాళ్లు లేకే కాలువలు పూడిపోతాయి. ఇల్లు చూసేటప్పుడు ఆ వీధిలో సొంతవాళ్లు ఎందరు ఉంటున్నారో కూడా చూడండి. సగానికి పైగా సొంతవాళ్లుంటే నాకు ధైర్యం.

పన్ను సంగతి ఒక్క మాట. వచ్చిన బాడుగలో కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలినదానిలో 30 శాతం మరమ్మతుల కింద మినహాయింపు ఇస్తారు, బిల్లులు అక్కర్లేదు. లోను వడ్డీ కూడా తగ్గించుకోవచ్చు. కానీ కొత్త పన్ను విధానంలో ఉంటే, వడ్డీ వల్ల వచ్చే నష్టాన్ని జీతంలో సర్దుకోవడం కుదరదు. బ్రోకర్ చెప్పే "ట్యాక్స్ సేవింగ్" లెక్క మీ ఆడిటర్‌తో సరిచూసుకోండి.

చివరగా మీ మామగారి సంగతి. కావలి నుంచి నెల్లూరు రావడం పెద్ద దూరం కాదు గానీ, నాలుగు పోర్షన్ల డాబాకు అయితే నెలలో ఎన్నోసార్లు పిలుపు వస్తుంది. పెద్దాయన్ని బస్సుల్లో తిప్పి, వసూళ్ల కోసం నాలుగు గుమ్మాలు ఎక్కించడం నాకైతే ఇష్టం లేదు. రెండు పోర్షన్ల ఇల్లు, ఉద్యోగస్తుల వీధి అయితే ఆయన హాయిగా చూసుకోగలరు. బాడుగ నేరుగా మీ ఖాతాకు ఫోన్‌పేలో వచ్చేలా పెట్టండి, డబ్బు మాట ఆయన నోట రానివ్వొద్దు. వీధిలో ఒక ప్లంబరు, ఒక కరెంటు పని మనిషి నంబర్లు తీసుకుని వాళ్లకు ఏ రోజు పని ఆ రోజే డబ్బులు పంపండి. ఆయన చేయాల్సింది మనుషులు మారేటప్పుడు వచ్చి ఇల్లు చూసి, తాళం ఇచ్చి పుచ్చుకోవడం వరకే.

మాగుంట లేఅవుట్ ఫ్లాటే కావాలని ఇంట్లో పట్టు ఉంటే, అమ్మే ఆయన 60 లక్షల దగ్గరికి దిగితే ఆలోచించండి. అప్పుడు కూడా ముందు ఆ అపార్టుమెంటు సంఘం లెక్కల పుస్తకం, లిఫ్ట్ వయసు, ఎన్ని ఫ్లాట్లు మెయింటెనెన్స్ బాకీ ఉన్నాయో అడిగి తెలుసుకోండి. డాబా విషయంలో కట్టకు లోపలా బయటా అన్నది, సర్వే నంబరు, ప్లాను కాపీ, ఈ మూడూ తెలిస్తే ఇక్కడే రాయండి. చూసి చెప్తాను. అంతవరకు బయానా ఇవ్వకండి.